ఈక్వలైజరా, కొత్త స్పీకర్లా: చేతిలో ఐదు వేలే ఉంటే ఏది మేలు?

పాత కారు, కంపెనీతో వచ్చిన స్టీరియో. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏ షాపులో అడిగినా ముందు "స్పీకర్లు మార్చేయండి సార్" అంటారు. నేనూ ఆ మాట విని మార్చేశాను. ఇల్లు చేరేలోపే అర్థమైంది, ఆ బొయ్యిమనే మోత ఎక్కడికీ పోలేదు. పైగా ఇంకాస్త గట్టిగా వినిపిస్తోంది.

తప్పు స్పీకర్లది కాదు, నాది. ఈక్వలైజర్ అంటే సౌండ్‌లోని ఒక్కో భాగాన్ని విడిగా పెంచే, తగ్గించే గీతల సెట్టింగ్. అందులో బేస్ గీతను పైదాకా తోసి వదిలేశాను. 3 డెసిబెల్స్ పెంచితే స్టీరియో రెట్టింపు పవర్ ఇవ్వాలి, 10 పెంచితే పది రెట్లు. డబ్బా మీద 50 వాట్లు అని రాసున్నా, మామూలు స్టీరియో ఒక్కో స్పీకర్‌కి నికరంగా ఇచ్చేది 20 వాట్ల దరిదాపుల్లోనే. అది చాలక సౌండ్ పగిలిపోతుంది. అందుకే ఈక్వలైజర్‌లో పెంచడం కన్నా తగ్గించడమే మంచిది.

ఇప్పుడు నా పద్ధతి ఇది. అపార్ట్‌మెంట్ సెల్లార్లో కారు ఆపి, ఇంజన్, ఏసీ కట్టేసి, గీతలన్నీ సున్నాకు తెస్తాను. బేస్‌ని విడిగా పెంచే బేస్ బూస్ట్, లౌడ్‌నెస్ బటన్లు కూడా ఆఫ్. పెన్‌డ్రైవ్‌లోంచి బాగా అలవాటున్న కచేరీ ఒకటి పెడతాను. మృదంగం ఎడమవైపు దెబ్బ డబ్బాలో కొట్టినట్టు ముద్దగా ఉంటే 250 హెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్స్ దించుతాను. గాయని 'స' అన్నప్పుడల్లా చెవిలో గుచ్చుకుంటే 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య దించుతాను. హైపాస్ ఫిల్టర్ (ఒక స్థాయికన్నా కింది బేస్‌ని ఆపేసేది) ఉంటే 80 హెర్ట్జ్ దగ్గర పెట్టడం మేలు, డోర్ స్పీకర్‌కి అంతకన్నా కింది బరువు మోసే ఓపిక ఉండదు. అరగంట పని, పైసా ఖర్చు లేదు.

ఒక్క చిక్కుంది. సెల్లార్లో కుదిరిన సౌండ్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే పలచబడుతుంది, టైర్ల మోత బేస్‌ని మింగేస్తుంది. అందుకని ఔటర్ కోసం బేస్ ఒక్క గీత ఎక్కువగా రెండో ప్రీసెట్ సేవ్ చేసుకున్నాను.

స్పీకర్ కోన్ (ముందు అదిరే గరాటు) చిరిగితే మాత్రం ఏ ఈక్వలైజరూ ఏమీ చేయలేదు, స్పీకర్ మార్చాల్సిందే. డోర్ గరగరకూ ఈక్వలైజర్ పనికిరాదు. నా ఎడమ డోర్ గరగరలో సగం, పాకెట్‌లోని రూపాయి బిళ్ళలు తీసేస్తే పోయింది. మిగతా సగం ఊడిన ప్యాడ్ క్లిప్పుది.

కాబట్టి ఆ ఐదు వేలు ముందు రెండు డోర్ల డ్యాంపింగ్ షీట్లకు పెట్టండి. డోర్ రేకు అదరడం ఆగితే బేస్ దానంతటదే గట్టిపడుతుంది. వెనక స్పీకర్ల జోలికి పోవద్దు. డిక్కీలో సబ్‌ఊఫర్ సంగతి బోనస్ వచ్చాక చూసుకోవచ్చు.

మొన్న అటక మీది పాత స్పీకర్లు దించి, ఈ సెట్టింగ్‌తోనే బిగించి చూశాను. మా ఆవిడ తేడా పట్టలేదు. నేనూ రెండోసారి విన్నాకే పట్టాను.