సేంద్రియ కర్బనం పరీక్ష సర్వీసు: రిపోర్టులో శాతం ఒక్కటే చూడకండి

నాలుగేళ్ల తేడాతో రెండుసార్లు ఒకే ల్యాబ్‌లో మట్టి పరీక్ష చేయించాను, సేంద్రియ కర్బనం కోసమే, అంటే కుళ్లిన ఆకు అలము, వేళ్లు, ఎరువు వల్ల నేలలో చేరే కర్బనం ఎంతుందో చూడటానికే. మొదటిసారి 0.62 శాతం వచ్చింది. ఆ తర్వాత ఏటా పచ్చిరొట్ట వేసి కలియదున్నాను, కోతలయ్యాక మోళ్లు కాల్చలేదు, పశువుల ఎరువు బాగా మాగాకే చల్లాను, దుక్కులు తగ్గించాను. ఈసారి రిపోర్టు తెరిస్తే 0.53. పక్కన ఎర్రగా కిందికి బాణం గుర్తు. ఇంత చేసినా నేల ఇంకా చచ్చిపోతోందా అని ఆ రాత్రంతా ఒకటే టెన్షన్.

కానీ పొలంలో చూస్తే అలా లేదు. పార వేస్తే గడ్డ చేతిలోనే గుల్లగా విడిపోతోంది, లోపల వానపాముల బొరియలు కనిపిస్తున్నాయి. నమ్మకం కుదరక రెండు ఎండు గడ్డలు తెచ్చాను, ఒకటి పొలం మధ్యలోది, ఇంకోటి ట్రాక్టరు తిరిగి తిరిగి తొక్కేసిన మూలలోది. రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి మెల్లగా వదిలాను. మూలలో గడ్డ చూస్తుండగానే అంచుల నుంచి రాలిపోయి అడుగున బురదైంది. మధ్యలోది పావుగంటైనా ఆకారం చెడలేదు, నీళ్లు తేటగానే ఉన్నాయి. మట్టి రేణువుల్ని అలా పట్టి ఉంచేది సేంద్రియ పదార్థం, దాన్ని తిని బతికే సూక్ష్మజీవులు వదిలే జిగురు, బూజు దారాలు. మరి అవి తగ్గిపోతే ఈ గడ్డ నీళ్లలో ఎలా నిలబడింది?

అప్పుడు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చిన్న అక్షరాలన్నీ చదివాను. మొదటిసారి నమూనా తీసింది 15 సెంటీమీటర్ల లోతు వరకు. రెండోసారి 30 వరకు తీసి, మొత్తం ఒకే సంచిలో కలిపేశారు! ఆకు అలము, ఎరువు, ఎక్కువ వేళ్లు అన్నీ పై పొరలోనే ఉంటాయి కాబట్టి కర్బనం పైన ఎక్కువ, కిందికి పోయేకొద్దీ తక్కువ. కింది మట్టి కలిపితే శాతం పడిపోకుండా ఎలా ఉంటుంది? రెంటినీ పోల్చి బాణం గుర్తు వేయడం అసలు తప్పు. నాకు కోపం వచ్చింది అక్కడే, ఎందుకంటే ఆ బాణం చూసి పచ్చిరొట్ట మానేసే రైతు ఎవరైనా ఉండొచ్చు.

ఫోన్ చేసి అడిగితే తప్పు ఒప్పుకున్నారు, అది మాత్రం మెచ్చుకోవాలి. వాళ్ల మనిషి మళ్లీ వచ్చి పొరలు వేరుచేసి తీశాడు. ఈసారి పై 15 సెంటీమీటర్లలో 0.70, కింది 15లో 0.38. బల్క్ డెన్సిటీ, అంటే ఒక ఘనమీటరు నేలలో ఎన్ని టన్నుల ఎండు మట్టి ఉందో, అది కూడా చూడమని నేనే అడిగాను. కొలత తెలిసిన ఇనుప గొట్టాన్ని మట్టి చెదరకుండా నిలువుగా దింపి, నిండిన మట్టిని 105 డిగ్రీల దగ్గర ఇక బరువు తగ్గనంత వరకు ఆరబెట్టి తూకం వేస్తారు. పై పొర 1.32 వచ్చింది, కింది పొర 1.48. ఈ అంకె లేకుండా నేలలో ఎన్ని టన్నుల కర్బనం ఉందో ఎవరూ చెప్పలేరు. హెక్టారులో 15 సెంటీమీటర్ల మందాన 1,500 ఘనమీటర్ల మట్టి, దాన్ని 1.32తో గుణిస్తే 1,980 టన్నులు, అందులో 0.70 శాతం అంటే సుమారు 13.9 టన్నుల కర్బనం. కింది పొరలో ఇంకో 8.4.

అయితే 0.62 కాస్తా 0.70 అయిందని సంబరపడ్డానికి కూడా తొందరపడకూడదని ఈ లెక్క వేశాకే అర్థమైంది. ట్రాక్టరు తొక్కిన మూలలో బల్క్ డెన్సిటీ 1.45 ఉంది. నాలుగేళ్ల కింద పొలమంతా అంత గట్టిగానే ఉండి ఉంటే అప్పుడే 13.5 టన్నులు ఉన్నట్టు. అంటే నేల గుల్లబారి వాన నీళ్లు ఇంకడం మొదలైంది, అది నాకు చాలా పెద్ద లాభం, కానీ దాచిన కర్బనం పెరిగింది కొంచెమే. నేల బాగుపడటం వేరు, కర్బనం నిల్వ పెరగడం వేరు, రిపోర్టులో రెంటికీ వేర్వేరు గడులు ఉండాలి. కార్బన్ క్రెడిట్ల (నేలలో దాచిన కర్బనానికి లెక్కకట్టి ఇచ్చే, అమ్ముకోగల పత్రాలు) కోసం పరీక్ష చేయించేవాళ్లు ఇది మరీ గట్టిగా అడగాలి.

ఏ పద్ధతిలో చేశారో కూడా అడగండి. డైక్రోమేట్ అనే రసాయనం, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చేసే వాక్లీ-బ్లాక్ పద్ధతి 1934 నుంచి ఉన్నదే, చవక, కానీ కర్బనం మొత్తాన్నీ పట్టదు, సగటున 77 శాతం దాకా పడుతుందని లెక్క, అందుకే ఫలితాన్ని 1.3తో గుణిస్తారు. మట్టిని బాగా ఎక్కువ వేడిలో కాల్చి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే పద్ధతి ఇంకా కచ్చితం, కాకపోతే సున్నపు గులకలున్న నేలైతే ముందు ఆమ్లంతో సున్నం తీసేయాలి, లేదంటే అందులోని కర్బనం కూడా కలిసిపోయి అంకె పెరుగుతుంది. ఒకసారి ఇది, ఇంకోసారి అది చేసి పోల్చితే మళ్లీ అదే గందరగోళం. మా రిపోర్టులో పద్ధతి పేరే లేదు, అడిగాకే చెప్పారు.

మిగతా సర్వీసు బాగానే ఉంది, చెప్పిన రోజుకే రిపోర్టు ఇచ్చారు, గట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప ఉన్నచోట తీయకుండా పొలమంతా వంకరటింకరగా తిరిగే తీశారు. 5కి 3 ఇస్తున్నాను. లోతు, బల్క్ డెన్సిటీ, పద్ధతి ఈ మూడూ అడగకుండానే మొదటి పేజీలో వేసిన రోజు 5 ఇస్తాను. గొట్టం దింపిన ఎనిమిది చోట్లా మేకులు పాతి గుర్తు పెట్టుకున్నాను. వచ్చేసారి ఇదే నెలలో, ఇదే లోతులో, ఆ మేకులకు రెండడుగుల లోపే తీయాలని వాళ్ల ఫారం మీద రాసి ఇచ్చాను.