రెండు వేళ్ల సముద్రానికి 8,400 రూపాయలు

మా ఆయనకు విశాఖ ఆఫీసుకు మారే అవకాశం వచ్చింది. ఊ అంటే జూన్ నుంచే. ఆయన ఎప్పుడో ఊ అనేశారు. ఊరు చూడకుండా కాపురం కదిలించేది లేదని భీష్మించుకుని కూర్చున్నది నేనే. అందుకని ఫిబ్రవరి చివర్లో ఆయన, నేను, పాప, అత్తయ్య హైదరాబాద్ నుంచి బయల్దేరాం. అరకు లేదు, బొర్రా గుహలు లేవు. అద్దె ఇళ్లు, స్కూళ్లు, ఆఫీసుకు ఎంతసేపు పడుతుంది, ఇవే చూసుకుని రావాలని ముందే అనుకున్నాం. పాపకి మాత్రం పొద్దున్నే లేచి సముద్రం చూద్దువుగానని మాటిచ్చాను. ఆ మాటే మా కొంప ముంచింది.

గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకున్నాం, లేచేసరికి విశాఖ. స్టేషన్ బయట ఆటో 400 అన్నాడు, బేరమాడితే 250కి వచ్చాడు. బీచ్ రోడ్డు దగ్గర 'సీ వ్యూ' అని రాసుకున్న సర్వీస్ అపార్ట్‌మెంట్‌లో దిగాం. రోజుకు 2,800. మూడు రాత్రులకు 8,400 ముందే కట్టించుకున్నారు. పైగా 2,000 డిపాజిట్.

బాల్కనీ తలుపు తీస్తే ఎదురుగా పక్క అపార్ట్‌మెంట్ వాళ్ల వంటగది. ఒకావిడ పోపు వేస్తోంది. ఇంగువ వాసన వచ్చింది గానీ సముద్రం రాలేదు. కిందికి ఫోన్ చేస్తే మేనేజర్ పైకొచ్చి, చాలా ఓపిగ్గా, "కనిపిస్తుంది కదమ్మా, గ్రిల్ పట్టుకుని కొంచెం ఎడమ పక్కకి వంగండి" అన్నాడు. వంగాను. నీళ్ల ట్యాంకుకీ గోడకీ మధ్య రెండు వేళ్లంత నీలం కనిపించింది. మోకాళ్ల నొప్పితోనే అత్తయ్య కూడా వంగి చూసి, "అదా? ఎవరో చీర ఆరేశారనుకున్నా" అంది. వేరే గది అడిగితే లేదన్నాడు. డబ్బులు వెనక్కి ఇమ్మంటే ఆ పద్ధతి లేదన్నాడు. సీ వ్యూ అని రాసిన చోటల్లా, డబ్బు కట్టకముందే బాల్కనీలో నిలబడి వీడియో కాల్ చేయమనండి. వంకలు పెడితే వదిలేయండి.

అసలు గొడవ రెండో రాత్రి. తొమ్మిదింటికి భోంచేసి వచ్చి తాళం తిప్పితే చెవి సగం లోపలే విరిగిపోయింది. పాప నిద్రకి తూలుతోంది, అత్తయ్య మెట్ల మీద కూలబడింది. మేనేజర్ వచ్చి ముందు చెవి వంక, తర్వాత మా వంక చూసి, "మీ చేతిలో విరిగింది కాబట్టి 600 అవుతుంది సార్" అన్నాడు. తాళాలు బాగుచేసే అతన్ని మా ఆయనే బజారుకెళ్లి వెతికి పట్టుకొచ్చారు. అరవై ఏళ్ల మనిషి. తలుపు తెరిచి, తాళం మొత్తం ఊడదీసి, కింద పాత పేపరు పరిచి రెండు దెబ్బలు కొట్టాడు. కారప్పొడిలా ఎర్రటి తుప్పు రాలింది, గుప్పెడు ఉంటుంది. "ఇది మీరు ఇరగ్గొట్టింది కాదమ్మా, ఉప్పుగాలి తినేసింది" అన్నాడు. ఎక్కడి నుంచి వచ్చారు, ఏం పని మీద అని అడిగాడు. ఇల్లు చూసుకోవడానికి అంటే, "సముద్రాన్ని సూడ్డానికి ఎల్లాలి గానీ దానెదురుగా కాపరం ఎట్టకూడదు. రెండు మూడు ఈదులు లోపలికెల్లిపోండి" అన్నాడు. 350 తీసుకున్నాడు. ఖాళీ చేసేటప్పుడు మేనేజర్ డిపాజిట్‌లో 600 కోసుకునే ఇచ్చాడు. తుప్పు పొట్లం ముందు పెట్టినా చలించలేదు.

కానీ ఆ 350 ఈ ప్రయాణంలో పెట్టిన ఖర్చుల్లోకెల్లా మంచి ఖర్చు. మర్నాడు బీచ్ రోడ్డు మీద నడుస్తూ మేడలకేసి తలెత్తి చూశాను. ఏసీ బయటి డబ్బాల కింది స్టాండ్లు, గ్రిల్స్, గేటు మడతబందులు, అన్నీ ఎర్రగా తినేసి ఉన్నాయి. మేం రాసుకున్న జాబితాలో సముద్రం ఎదురుగా రెండు ఇళ్లున్నాయి, రెండు పడగ్గదులకు 32,000 చెప్పినవి. అక్కడికక్కడే కొట్టేశాం. మా ఆయన ముఖం కాస్త వాడింది. ఆఫీసు ఫోన్లు సముద్రం వైపు తిరిగి మాట్లాడాలని ఆయన కల.

చూడాల్సిన మిగతావి గబగబా కానిచ్చాం. కైలాసగిరి, రుషికొండ బాగున్నాయి. రోడ్డు పక్కనే నిలబెట్టిన కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్తే, అంత ఇరుకులో జనం నెలల తరబడి ఎలా ఉన్నారని పాప రెండు రోజులు అడుగుతూనే ఉంది. సింహాచలంలో అప్పన్న దర్శనం గంటలో అయిపోయింది, అత్తయ్య శాంతించింది. ఆర్కే బీచ్‌లో మాత్రం నీళ్లలోకి దిగకండి, లోపలి లాగుడు ఎక్కువ. మురీ మిక్స్చర్ తింటూ ఒడ్డున కూర్చోవడానికే అది.

ఇళ్ల వేట మధురవాడతో మొదలైంది. ఐటీ ఆఫీసులకు దగ్గర, కొత్త అపార్ట్‌మెంట్లు. మొన్న మొన్నటిదాకా 15,000 ఉన్న ఫ్లాటుకు ఓనరు 19,000 చెప్పాడు. ఏమిటి సంగతంటే గూగుల్ వస్తోంది కదా అన్నాడు. 2025 అక్టోబరులో ఆ కంపెనీ ఇక్కడ 15 బిలియన్ డాలర్ల పెట్టుబడి ప్రకటించిన మాట నిజమే. గూగుల్ ఇంకా రాలేదు, అద్దె మాత్రం ముందే వచ్చేసింది. పోర్టు వైపు వన్ టౌన్‌లో ఒక పాత ఇల్లు 11,000కే దొరికేది. కిటికీ గట్టు మీద వేలు పెట్టి రాస్తే వేలు నల్లగా అయింది. బొగ్గు దుమ్మట. అక్కడ అత్తయ్య 2020 మేలో ఈ ఊళ్లోనే వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి గ్యాస్ లీకైన రాత్రి గురించి ఎత్తింది. టీవీలో చూసిన ఆ దృశ్యాలు ఆవిడ మర్చిపోలేదు. ఇది ఫ్యాక్టరీల ఊరు కూడా. రిఫైనరీ, స్టీల్ ప్లాంట్, పోర్టు ఏ దిక్కున ఉన్నాయో మ్యాపులో చూసుకున్నాకే ఇల్లు వెతకండి.

ఆ ఫ్యాక్టరీలూ పోర్టే నాకు పనికొచ్చాయి మళ్లీ. నాది అకౌంట్స్ పని. హైదరాబాద్‌లో 42,000 వస్తుంది. పోర్టు దగ్గరి వీధుల్లో షిప్పింగ్ ఏజెంట్ల, రొయ్యల ఎగుమతిదారుల బోర్డులు వరసగా కనిపిస్తే రెండు చోట్ల లోపలికెళ్లి అడిగాను. మనుషులు కావాలన్నారు గానీ 28,000 దాటి ఇవ్వలేమన్నారు. ఇక్కడ జీతాలు తక్కువ, ఎవరెన్ని చెప్పినా. మా ఆయన వెంటనే పక్కన లెక్క మొదలుపెట్టారు. మియాపూర్ నుంచి ఆయన ఆఫీసుకు రోజూ రానుపోను రెండున్నర గంటలు. ఇక్కడ ఎంవీపీ కాలనీ నుంచి రుషికొండలోని ఆఫీసుకు పొద్దున తొమ్మిదింటికి ఆటోలో వెళ్లి చూస్తే ఇరవై అయిదు నిమిషాలు. మిగిలే గంటన్నరకు ఎంత కడతావు అని అడిగారు. వంట మీరు చేస్తే 14,000 కడతానన్నాను. ఆ తర్వాత ఆ ప్రస్తావన రాలేదు.

శనివారం మధ్యాహ్నం పూర్ణా మార్కెట్ దగ్గరి సందులో, తాళాలాయన చెప్పిన మెస్‌కి వెళ్లాం. అయిదే బల్లలు. భోజనం 130, నెత్తళ్ల వేపుడు 90, కోనాం చేప ముక్క 150. నెత్తళ్లు కరకరలాడుతూ ఉన్నాయి, పాప ముల్లుతో సహా నమిలేసింది. శనివారం కాబట్టి అత్తయ్యకు నీచు పనికిరాదు. ఆవిడకి ఆవ పెట్టిన పనసపొట్టు కూర వడ్డించారు. వచ్చిన దగ్గర్నుంచి చెమట, ఉక్క, తుప్పు అని సణుగుతున్న మనిషి రెండు ముద్దలు తిని మాట్లాడ్డం మానేసింది. తర్వాత నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆవ ముద్ద పొయ్యి మీద ఉండగా కలిపితే చేదెక్కుతుందని, దించి కాస్త చల్లారాక కలపాలని వండే ఆవిడ చూపించింది. బిల్లు మొత్తం 1,010.

ఇల్లు ఆ సాయంత్రమే కుదిరింది. ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తు, 21,000, రెండు నెలల అడ్వాన్సు. రైతు బజారుకు నడిచి వెళ్లొచ్చు. ఓనరు రిటైరైన టీచరు. కిటికీలన్నీ ఎందుకు కొత్తగా ఉన్నాయంటే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు అద్దాలన్నీ గదుల్లోకి వచ్చి పడ్డాయని, గంటల తరబడి మంచం అడ్డుపెట్టి తలుపును తోసి పట్టుకున్నామని చెప్పింది. అబద్ధం చెప్పి అంటగట్టే మనిషి కాదనిపించింది. టోకెన్ 5,000 ఇచ్చాం. రసీదు అడిగితే డైరీలో కాగితం చింపి రాసిచ్చింది.

అయినా ఉండబట్టలేక, డాబా మీది నుంచి సముద్రం కనిపిస్తుందా అని అడిగాను. పాప అప్పటికే మెట్లెక్కేసింది. "అమ్మా, ఇక్కడ వంగక్కర్లేదు!" అని పై నుంచి అరిచింది.