రేటింగులు చూసి స్ట్రిప్ క్లబ్బును ఎంచుకోవడం: పదేళ్ల వాడకం తరువాత

సియాటిల్ పక్కనే ఉన్న బెల్‌వ్యూకు 2014లో ఉద్యోగం మీద వచ్చాను. అప్పటి నుంచి మా స్నేహితులలో ఎవరికి పెళ్లి కుదిరినా, ఇండియా నుంచి ఎవరు చుట్టపుచూపుగా వచ్చినా, ఒక సాయంత్రం స్ట్రిప్ క్లబ్బుకు, అంటే డాన్సర్లు బట్టలు విప్పుతూ ఆడే చోటుకు, వెళ్దామనే మాట వస్తుంది. ఎక్కడికన్నది తేల్చే పని నా మీద పడుతుంది. మన దేశంలో ఇలాంటి క్లబ్బులకు చట్టం ఒప్పుకోదు కాబట్టి వచ్చేవారికి ముందు అనుభవం ఉండదు. పెద్దవాళ్లను అడిగి తెలుసుకునే సంగతీ కాదు. ఇక మిగిలింది ఫోను ఒక్కటే. గూగుల్ మ్యాప్స్, రివ్యూలు రాసే యాప్ యెల్ప్ చూసి వాషింగ్టన్, ఆరెగన్, నెవాడా, టెక్సస్ రాష్ట్రాలలో ఇప్పటికి ముప్పైకి పైగా క్లబ్బులను ఎంచాను. అందులో కొన్నిచోట్ల నిలువునా మోసపోయాం, కొన్నిచోట్ల ఎంతో హాయిగా గడిపాం. ఆ తేడాను సగటు రేటింగు ఒక్కసారి కూడా ముందుగా చెప్పలేదు. ఆ రేటింగు కింద జనం రాసిన మాటలు మాత్రం చెప్పాయి. కాకపోతే వాటిని చదవడం నేర్చుకోవడానికి నాకు మూడు నాలుగేళ్లు పట్టింది.

2016లో స్నేహితుడి పెళ్లికి ముందు ఆరుగురం లాస్ వేగస్ వెళ్లాం. 4.6 రేటింగు, వేలకొద్దీ రివ్యూలు ఉన్న క్లబ్బు చూసి పెట్టాను. "అన్నా, నాలుగున్నర దాటింది కదా, ఇంకేం చూడాలి?" అన్నాడు పెళ్లికొడుకు. నాకూ అలాగే అనిపించింది. తలుపు దగ్గర మనిషికి 50 డాలర్లు తీసుకున్నారు, రెండు డ్రింకులు తప్పనిసరిగా కొనాలన్నారు. అక్కడిదాకా సరే అనుకున్నాం. కాసేపటికి పెళ్లికొడుకును విడిగా డాన్సు చూసే వీఐపీ గదికి పిలిచారు. పాట లెక్కన ధర అన్నారు. పాట ఎంతసేపో అతను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. డీజే పాటను సగంలోనే మార్చేస్తుంటే లెక్క పెరుగుతూ పోయింది. చివరికి వచ్చిన బిల్లు 1,140 డాలర్లు. గది అద్దె వేరు, కార్డు వాడినందుకు పది శాతం వేరు, సేవా రుసుము ఇరవై శాతం వేరు. వాటన్నిటి కింద టిప్పు రాయడానికి మళ్లీ ఒక ఖాళీ గీత. అతను పెన్ను పట్టుకుని ఆ గీత వైపే చూస్తూ నిలబడ్డాడు. వెనక ఇద్దరు బౌన్సర్లు. హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాడికి పోలీసుల దాకా వెళ్లే గొడవంటే ఎంత భయమో ఇక్కడున్న తెలుగువాళ్లకు నేను చెప్పనక్కరలేదు. సంతకం చేసి బయటికి వచ్చాడు. మర్నాడు విమానంలో కూడా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ రాత్రి మూడు గంటలకు హోటల్ గదిలో పడుకుని అదే క్లబ్బు పేజీ తెరిచి, రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా మార్చి చూశాను. పందొమ్మిది రోజుల కిందట ఎవరో మూడు నక్షత్రాలు ఇచ్చి రాశారు. ఇక్కడ పాట అంటే రెండున్నర నిమిషాలని, గదిలోకి వెళ్లేముందే మొత్తం ధర చెప్పించుకోవాలని, కార్డు బయటికి తీయవద్దని, సంగీతం మాత్రం బాగుందని. మాకు జరిగినదంతా నాలుగు వాక్యాలలో ఉంది. సాయంత్రం ఇంకో రెండు తెరలు కిందికి జరిపి ఉంటే నా కంటపడేది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అప్పటి నుంచి నేను మూడు నక్షత్రాల రివ్యూలే ముందు చదువుతున్నాను. ఐదు ఇచ్చినవారిలో చాలామంది పెళ్లిళ్ల పేరయ్యలా పొగుడుతారు, వివరం ఒక్కటీ ఉండదు. మూడు ఇచ్చినవారికి మంచీ చెడూ రెండూ గుర్తుంటాయి. ఏ వారం, ఏ వేళ, తలుపు దగ్గర ఎంత, నీళ్ల సీసా ఎంత, ఏటీఎం ఎంత పట్టుకుంది, ఇలాంటివి రాసేది వాళ్లే. రివ్యూలో ఒక్క అంకె కూడా లేకపోతే నేను దాటిపోతాను.

లాస్ వేగస్ రేటింగులు ఎందుకు అంత ఎత్తున ఉంటాయో తరువాత తెలిసింది. అక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది మళ్లీ రాని పర్యాటకులు. టాక్సీలకు, కార్లకు తలకింత అని క్లబ్బులు డబ్బిచ్చి మనుషులను రప్పించుకోవడం ఆ ఊళ్లో బహిరంగమైన సంగతి. మీరు ఒక క్లబ్బు పేరు చెబితే డ్రైవరు ఇంకొక క్లబ్బును పొగడడం మొదలుపెట్టాడంటే కారణం అదే. ఆ డబ్బు చివరికి మీ ప్రవేశ రుసుములో నుంచే వస్తుంది. 2019లో ఇంకొక క్లబ్బుకు వెళ్లినప్పుడు, వరుసలో నిలబడి ఉండగానే ఒక ఉద్యోగి వచ్చి, ఐదు నక్షత్రాలు నొక్కి తెర చూపిస్తే మొదటి డ్రింకు ఉచితమన్నాడు. లోపల ఏముందో చూడకముందే నా ముందున్న నలుగురూ నొక్కేశారు. నేను నొక్కలేదు. ఇలా మెచ్చుకోలుకు బదులుగా ప్రతిఫలం ఇవ్వడాన్ని, దొంగ రివ్యూలు కొనడాన్ని నిషేధిస్తూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చేసిన నియమం 2024 అక్టోబరులో అమలులోకి వచ్చింది. రావలసిన నియమమే, చాలా ఆలస్యంగా వచ్చింది. అయినా ఒకే రోజున, ఒకే వాక్యంలో, వరుసగా పది ఐదు నక్షత్రాలు కనిపిస్తే నేను ఇప్పటికీ ఆ పేజీ మూసేస్తాను. యెల్ప్‌లో అనుమానం ఉన్న రివ్యూలను సగటులో కలపకుండా పేజీ అడుగున విడిగా ఉంచుతారు. అక్కడికి వెళ్లి వాటిని కూడా చదువుతాను. పైన పటారం లోన లొటారం అన్నది ఎక్కువసార్లు ఆ అడుగునే బయటపడింది.

రివ్యూ చదివేముందు ఆ రాష్ట్రంలో చట్టం ఏమిటో తెలియాలి. ఇది నేను ఎవరికైనా గట్టిగా చెప్పే మాట. వాషింగ్టన్ రాష్ట్రంలో స్ట్రిప్ క్లబ్బులలో చాలా కాలం మద్యం దొరికేది కాదు. బీరు లేదని, కోక్ డబ్బా మీద దోచుకున్నారని మా వైపు క్లబ్బులకు ఒక నక్షత్రం ఇచ్చి తిట్టినవారు ఎంతమందో! మద్యం లేకపోవడం ఆ క్లబ్బు చేసిన తప్పు కాదు. లాస్ వేగస్ ప్రాంతంలో పూర్తి నగ్న నృత్యం ఉన్నచోట మద్యం ఉండదు, మద్యం ఉన్నచోట పూర్తి నగ్నత్వం ఉండదు. 1969 నుంచి నడుస్తున్న పాలొమినో క్లబ్బు ఒక్కటే అందుకు పేరుపొందిన మినహాయింపు. ఆరెగన్‌లో రెండూ ఒకేచోట ఉంటాయి, ఎందుకంటే ఆ రాష్ట్ర రాజ్యాంగం భావప్రకటనకు ఇచ్చే రక్షణ చాలా బలమైనది. టెక్సస్‌లో మద్యం అమ్మే ఇలాంటి క్లబ్బులు వచ్చిన ప్రతి మనిషికీ 5 డాలర్ల చొప్పున ప్రభుత్వానికి కట్టాలనే చట్టం 2008లో అమలులోకి వచ్చింది. ఇర్వింగ్‌లో ఉన్న మా స్నేహితుడు ఆ ఐదు డాలర్లను క్లబ్బువాళ్ల మోసమనుకుని రెండేళ్లు కోపంగా ఉన్నాడు.

నేను రివ్యూలు చదివే తీరు మొత్తాన్ని మార్చింది ఆరెగన్‌లోని పోర్ట్‌లాండ్‌లో గడిపిన ఒక మంగళవారం సాయంత్రం. అది ఇంటి నుంచి కారులో మూడు గంటల దూరం. ఆ ఊళ్లో ఇలాంటి క్లబ్బులు పేటకొకటి అన్నట్టు ఉంటాయి, చాలావాటిలో వంటగది కూడా ఉంటుంది. నేను ఎంచిన దానికి 4.1 రేటింగు మాత్రమే. ఒకరు రాసిన రివ్యూ నన్ను అక్కడికి రప్పించింది. మంగళవారం ఏడు గంటలకు ఇద్దరే డాన్సర్లు ఉంటారని, వేదిక అంచున కూర్చుంటే పాటకు కనీసం రెండు డాలర్లు పెట్టడం మర్యాదని, పెట్టడం ఇష్టం లేకపోతే వెనక బల్ల దగ్గర కూర్చుని మాంసం ముక్క తినవచ్చని, ఎవరూ ఏమీ అనరని. అక్షరాలా అలాగే ఉంది. పాట అయ్యాక ఒక డాన్సరు నోట్లు ఏరుకుని, వేదికను, స్తంభాన్ని గుడ్డతో తుడిచి, తరువాత వచ్చే ఆమెకు అప్పగించి దిగింది. ఆ గుడ్డను మడిచి అంచున పెట్టిన తీరు చూస్తే ఇది కూడా ఒక ఉద్యోగమని, శ్రద్ధగా చేసే పని అని నాకు మొదటిసారి అర్థమైంది.

రద్దీ లేదు కాబట్టి ఆమె వచ్చి మా బల్ల దగ్గర కూర్చుంది. ఆమె సమయానికి డబ్బిచ్చి, క్లబ్బుల రివ్యూలను ఎలా చదవాలని అడిగాను. నవ్వుతుందేమో అనుకున్నాను, చాలా నిదానంగా చెప్పింది. చాలా చోట్ల డాన్సర్లకు జీతం ఉండదు. ఆ పూట వేదిక ఎక్కడానికి వాళ్లే క్లబ్బుకు రుసుము కట్టాలి, డీజేకు, బౌన్సర్లకు వాటా ఇవ్వాలి. అవన్నీ పోగా మిగిలేదే సంపాదన. "డబ్బు కోసం వెంటపడ్డారు అని రాసి ఉంటే, ఆ రాత్రి యజమాని అవసరానికి మించి మందిని పిలిచాడని చదువుకోండి. కట్టిన రుసుము రాబట్టుకోవడానికి అందరూ పోటీ పడుతున్నారన్నమాట" అంది. తరువాత చెప్పిన మాట నేను ఎన్నటికీ మరచిపోను. "చేయి వేసినందుకు బయటికి గెంటారని ఏడ్చిన ఒక నక్షత్రం రివ్యూలు ఎక్కడ ఎక్కువ ఉంటాయో నేను అక్కడ పని వెతుక్కుంటాను."

ఇంటికి వచ్చి నాకు తెలిసిన క్లబ్బుల పేజీలన్నీ మళ్లీ చదివాను. ఒక నక్షత్రం ఇచ్చినవారు రెండు తెగలు. ఒకరు బిల్లు గురించి రాస్తారు. ఒప్పుకున్న ధర వేరు, కార్డు మీద పడిన ధర వేరు, చిల్లర తిరిగి ఇవ్వలేదు, అడిగితే బెదిరించారు. ఇది ఆరు నెలలలో మూడుసార్లు కనిపిస్తే ఆ క్లబ్బు నాకు లేనట్టే. రెండోవారు బౌన్సరు గురించి రాస్తారు. ఏమీ చేయకుండానే నన్ను పంపేశారు, డాన్సరు గొప్పలు పోయింది, ముట్టుకోనివ్వలేదు, తాగి ఉన్నానని రానివ్వలేదు. ఈ ఫిర్యాదులన్నీ నా లెక్కలో ఆ క్లబ్బుకు మంచి మార్కులు. డాన్సర్లకు రక్షణ ఉన్నచోట గొడవలు తక్కువ, మాలాంటి వారికి భయం తక్కువ. ఇలాంటి రివ్యూల వల్ల రేటింగు 3.7కు పడిపోయిన క్లబ్బే మా దగ్గర నేను ఎక్కువగా వెళ్లే చోటు. స్త్రీలు, భార్యాభర్తలు రాసిన రివ్యూలు కూడా వెతుకుతాను. కారు నిలిపిన చోటు నుంచి తలుపు దాకా వెలుతురు ఉందా, మరుగుదొడ్డి శుభ్రంగా ఉందా అన్నది వాళ్లే రాస్తారు.

డాన్సర్ల వేదిక పేర్లు పెట్టి, శరీరాన్ని వర్ణిస్తూ రాసేవారంటే నాకు అసహ్యం. వాటివల్ల చదివేవారికి తెలిసేది ఏమీ లేదు, ఆమెకు జరిగే కీడు మాత్రం చాలా ఉంది. కనిపించిన ప్రతిసారీ ఫిర్యాదు చేస్తాను. కొన్ని తీసేశారు, చాలావరకు అలాగే ఉన్నాయి. ఫోటోల సంగతి రెండు మాటల్లో చెప్పవచ్చు. లోపల ఫోటోలు తీయనివ్వరు కాబట్టి తళతళలాడే చిత్రాలన్నీ యజమాని పెట్టినవే. ఎవరైనా ధరల పట్టికను ఫోటో తీసి పెడితే అది వంద రివ్యూలతో సమానం.

తెలుగువాళ్లు రాసిన రివ్యూ ఒక్కటంటే ఒక్కటి నాకు ఎక్కడా కనిపించలేదు. కారణం నాకు తెలుసు. పేరు బయటపడుతుంది, బావమరిది చూస్తాడు, ఆఫీసులో మేనేజరు చూస్తాడు. కానీ మనలాంటివారు వెతికే సంగతులు కొన్ని ఉంటాయి. వాషింగ్టన్ డ్రైవింగు లైసెన్సు లేనివాడు పాస్‌పోర్టు చూపిస్తే ఒప్పుకుంటారా, మనిషి రంగు చూసి తలుపు దగ్గర ధర మారుతుందా, టిప్పు ఇవ్వరని ముందే అనుకుని చివరి బల్లకు నెడతారా, శాకాహారికి తినడానికి ఏమైనా ఉందా. అందుకే ఇంటిపేరు లేని ఖాతా ఒకటి తెరిచి నేనే రాయడం మొదలుపెట్టాను. ఇప్పటికి పందొమ్మిది రాశాను. తేదీ, వేళ, కట్టిన ప్రతి డాలరు, పాట ఎన్ని నిమిషాలు, బౌన్సరు మాట్లాడిన తీరు రాస్తాను. డాన్సర్ల గురించి ఒక్క అక్షరం రాయను. వాటిలో ఒకటి, బిల్లు మోసం గురించి రసీదుతో సహా పెట్టినది, నాలుగు రోజులకే మాయమైంది. ఎందుకో ఆ యాప్‌వాళ్లు చెప్పలేదు. అంకెలు మార్చకుండా మళ్లీ పెట్టాను, ఈసారి నిలిచింది.

ఇప్పుడు మా రాష్ట్రంలో పాత రివ్యూలకు కాలం చెల్లింది. డాన్సర్లు కొన్నేళ్లు పోరాడి సాధించుకున్న చట్టం మీద అప్పటి గవర్నరు జే ఇన్‌స్లీ 2024 మార్చిలో సంతకం చేశారు. దాని ప్రకారం వీఐపీ గదుల వంటి చోట్ల ఆపద గంట ఉండాలి, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, డాన్సరు దగ్గర క్లబ్బు తీసుకునే రుసుముకు పరిమితి ఉండాలి. మద్యం అమ్మకానికి దారి తెరిచింది కూడా ఈ చట్టమే. కాబట్టి సియాటిల్ క్లబ్బుల విషయంలో 2024కు ముందు రాసిన ఏ రివ్యూనూ నేను లెక్కలోకి తీసుకోవడం లేదు, నేను రాసిన వాటితో సహా. పోయిన నెలలో నెల్లూరు నుంచి వచ్చిన మా తమ్ముడి స్నేహితుల కోసం నాలుగు క్లబ్బులు వెతికాను. ఒకదానికి ఆరు నెలలలో పదకొండు రివ్యూలు వచ్చాయి. వాటిలో రెండు చేయి వేస్తే పంపేశారని, ఒకటి బీరు ఖరీదని, ఒకటి ధరల పట్టిక ఫోటో. శుక్రవారం రాత్రి తొమ్మిదికి అక్కడికే వెళ్లాం. మనిషికి అయిన ఖర్చు ఆ పట్టికలో ఉన్నంతే.