క్రిటాలో గజవ్యాళం: తొలి గీత నుంచి పూర్తి పెయింటింగ్ దాకా ఒక రివ్యూ

ముందే చెప్పేస్తున్నా. లోకంలో లేని జంతువుని ఊహించుకుని, గీసి, రంగులు వేసి, ప్రింటు దాకా తీసుకెళ్ళాలనుకునేవాళ్ళకి క్రిటా అనే పెయింటింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. నెలనెలా డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ లేకపోతే ఈ పని చేయలేమనే భయం కొత్తగా గీస్తున్న పిల్లల్లో చాలామందికి ఉంటుంది, ఆ భయం అక్కర్లేదు. అలాగని క్రిటాలో లోపాలు లేవని కాదు, ఉన్నాయి, వాటి గురించి కూడా వివరంగా రాస్తాను.

క్రిటా ఉచితం, ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. 1999 ప్రాంతంలో కేడీఈ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళ సముదాయంలో మొదలైన ప్రాజెక్టు, ఇప్పటికీ అక్కడే పెరుగుతోంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. ఫోటోలు సరిచేయడం కోసం కాకుండా బొమ్మలు వేయడం కోసమే కట్టిన సాఫ్ట్‌వేర్ ఇది, ఆ తేడా తెరవగానే తెలుస్తుంది: బ్రష్‌లు చేతికందేలా ఉంటాయి, మిగతావన్నీ వాటి వెనక.

నేను వేసింది యాళి, వ్యాళం అన్నా అదే. హంపి విఠలాలయం మండప స్తంభాల మీద ముందరి కాళ్ళు ఎత్తి దూకుతున్నట్టు ఉంటాయే, అవి. శిల్పులు సింహం ముఖంతో సింహవ్యాళం, ఏనుగు ముఖంతో గజవ్యాళం, గుర్రం ముఖంతో అశ్వవ్యాళం చెక్కారు. ఫ్యాంటసీ జీవి అనగానే అందరూ రెక్కల డ్రాగన్ వైపు పరిగెడతారు గానీ, మన గుళ్ళల్లో రాతిలో నిలబడి ఉన్నవాటికి రక్తమాంసాలు పెట్టి చూద్దామనే ఆలోచన నాకు ఎప్పట్నుంచో ఉంది. అందులోనూ గజవ్యాళం కష్టమైనది, అందుకే అదే తీసుకున్నాను.

మొదటి దశలో క్రిటా హాయిగా ఉంటుంది. చిన్న కాన్వాస్ తీసుకుని, పెన్సిల్ కూడా ముట్టుకోకుండా, బేసిక్-5 సైజ్ బ్రష్‌తో నల్లటి ఆకారాలు మాత్రమే వేసుకుంటూ పోయాను. కళ్ళూ ముక్కూ లేని ఆ నల్ల ఆకారం చూసి ఇది ఏనుగు కాదు, సింహం కాదు, ఇంకేదో అని ఎదుటివాడికి అనిపించాలి, అలా అనిపించకపోతే తర్వాత ఎన్ని పొలుసులు, ఎన్ని నగలు దిద్దినా లాభం లేదు. ఈ దశలో ఎం మీట నొక్కితే బొమ్మ అద్దంలోలాగా తిరగబడి కనిపిస్తుంది, బరువు ఏ పక్కకి ఒరిగిందో వెంటనే దొరికిపోతుంది. 4, 6 నొక్కితే కాగితం తిప్పినట్టు కాన్వాస్ తిరుగుతుంది, 5 నొక్కితే మళ్ళీ నిటారుగా వస్తుంది. మౌస్ కుడి బటన్ గానీ పెన్ను మీద దానికి కేటాయించిన బటన్ గానీ నొక్కితే మన ఇష్టమైన బ్రష్‌లు, రంగుల చక్రం, ఈమధ్య వాడిన రంగులు అన్నీ గుండ్రంగా కర్సర్ దగ్గరికే వచ్చేస్తాయి. మెనూల వైపు చేయి పోకపోవడం ఎంత పెద్ద విషయమో రోజూ గీసేవాళ్ళకి తెలుసు.

తర్వాత అసలు సంగతి, శరీర నిర్మాణం. దీని కోసం క్రిటాలో రిఫరెన్స్ ఇమేజెస్ అనే టూల్ ఉంది. ఫోటోలని కాన్వాస్ చుట్టూ ఖాళీ స్థలంలో పరుచుకోవచ్చు, కావాలంటే ఫైల్‌లోనే సేవ్ అవుతాయి, పూర్తయిన బొమ్మని ఎగుమతి చేసినప్పుడు మాత్రం అందులోకి రావు. నేను ఒక పక్క సింహం అస్థిపంజరం, ఒక పక్క ఏనుగు పుర్రె, కింద స్తంభం ఫోటోలు పెట్టుకున్నాను.

ఇప్పుడు చిక్కు చూడండి. సింహం వేళ్ళ మీద నడుస్తుంది, మడమ గాల్లోనే ఉంటుంది, వెనక కాలు స్ప్రింగులా మడత పడుతుంది కాబట్టి దూకగలదు. ఏనుగు కాళ్ళు స్తంభాల్లాంటివి, బరువు మోయడానికి కట్టినవి, అది దూకలేదు. శిల్పంలో యాళి దూకుతోంది కాబట్టి నడుము, వెనక కాళ్ళు సింహానివే కావాలి, అక్కడ అనుమానం లేదు. మరి తలో? ఏనుగు పుర్రె పైభాగం ఎముకలో గాలి గదులు ఉంటాయి, బరువు కొంత తగ్గించడానికే, అయినా తొండం, దంతాలు కలిపితే అది మహా బరువు, అందుకే ఏనుగుకి మెడ పొట్టిగా ఉంటుంది. సింహం మెడ మీద ఆ తల పెడితే ఎక్కడా ఆగదు, చూసేవాడికి కారణం చెప్పడం తెలియకపోయినా బొమ్మ అబద్ధంగా అనిపిస్తుంది. కాబట్టి మెడ వెనక భాగంలో, జబ్బల మీద కండ పెంచాలి, తల చిన్నది చేయాలి, దంతాలు పొట్టివి చేయాలి. ఆ అతుకు దగ్గర జూలు వచ్చి కూర్చుంటుంది. స్తంభాల మీది యాళులకి జూలు అంత దట్టంగా ఎందుకు చెక్కారో శిల్పుల మనసు నాకు తెలియదు గానీ, రెండు జంతువులు కలిసే చోటుని అంతకంటే అందంగా కప్పే ఉపాయం ఇంకోటి నాకు దొరకలేదు.

ఇలా తల చిన్నది చేయడం, మెడ లావు చేయడం అనేవి ఒక్కసారితో తేలే నిర్ణయాలు కావు. ఇక్కడే క్రిటా నాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చింది. లేయర్ (ఒకదాని మీద ఒకటి పరిచే పారదర్శకమైన పొర) మీద ట్రాన్స్‌ఫామ్ మాస్క్ పెట్టి తలని చిన్నది చేస్తే అసలు గీత చెడదు, మాస్క్ ఆపేస్తే పాత తల అలాగే ఉంటుంది, వారం తర్వాత కూడా ఆ మాస్క్ తెరిచి ఇంకొంచెం సర్దుకోవచ్చు. ట్రాన్స్‌ఫామ్ టూల్‌లోనే లిక్విఫై, కేజ్, వార్ప్, మెష్ లాంటి, ఆకారాన్ని వంచే పద్ధతులన్నీ ఉన్నాయి. తొండం వంపు కోసం కేజ్ వాడాను, చుట్టూ చుక్కలు పెట్టి ఒక్కో చుక్కనీ లాగుతుంటే తొండం అలా అలా వంగుతుంది, ఎముకే లేని అవయవం కాబట్టి ఎలా వంచినా నమ్మేలాగే ఉంటుంది. జీవి డిజైన్ అంటే చివరి దాకా మనసు మార్చుకుంటూ ఉండే పని, మనసు మార్చుకున్న ప్రతిసారీ మొదట్నుంచి గీయాల్సి వస్తే ఎవరైనా విసిగిపోయి ఏదో ఒకదానికి సరే అనేస్తారు. క్రిటా ఆ విసుగు రానివ్వదు. నా దృష్టిలో ఈ ఒక్క గుణం కోసమే దీన్ని వాడొచ్చు.

శుభ్రమైన గీతల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. స్టెబిలైజర్ బాగుంది, చేయి వణికినా గీత నిలకడగా వస్తుంది. తొండం చుట్టూ ముడతల వలయాలకి, కోలగా ఉండే వలయాలు గీయడంలో సాయపడే ఎలిప్స్ అసిస్టెంట్ ఉపయోగపడింది.

వెలుగునీడల దశకి వచ్చేసరికి ఫోటోషాప్ అలవాటు ఉన్నవాళ్ళు ఒక చోట తడబడతారు. అక్కడ క్లిప్పింగ్ మాస్క్ పెడితే మనం వేసే రంగు కింద ఉన్న లేయర్‌ ఆకారానికి పట్టుకుని, దాని లోపలే ఉంటుంది. క్రిటాలో దాని బదులు ఇన్‌హెరిట్ ఆల్ఫా ఉంది, అది ఆ గ్రూపులో కింద ఉన్న లేయర్లన్నిటి ఆకారాన్నీ కలిపి తీసుకుంటుంది. గ్రూపు చేయకుండా నేరుగా వాడితే అడుగున తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఉంటుంది కదా, దానికీ పట్టుకుంటుంది, ఏమీ పనిచేయనట్టు కనిపిస్తుంది. జంతువు ఆకారాన్ని ఒక బూడిద రంగుతో నింపి, దాన్ని గ్రూపులో అడుగున పెట్టి, పైన నీడలు, వెలుగులు విడివిడి లేయర్లుగా వేసి వాటికి ఇన్‌హెరిట్ ఆల్ఫా పెట్టండి, అంచు దాటి ఒక్క చుక్క కూడా బయటికి పోదు. ఒకసారి ఈ లెక్క అర్థమైతే ఫోటోషాప్ పద్ధతి కంటే ఇదే సుఖంగా ఉంటుంది.

రంగుల దగ్గర నిదానంగా వెళ్ళాలి. బూడిద బొమ్మ మీద కలర్ మోడ్‌లో (కింది వెలుగునీడలు అలాగే ఉంచి రంగు మాత్రమే కలిపే పద్ధతి) ఒక లేయర్ వేసి గోధుమ రంగు పులిమితే బురదలా వస్తుంది, ఎందుకంటే నిజమైన చర్మంలో నీడ అంటే అదే రంగు ముదురుగా ఉండటం కాదు, రంగే మారుతుంది, వెలుగు వైపు వేడి రంగులుంటే నీడ వైపు చల్లగా జరుగుతుంది. క్రిటాలో గ్రేడియంట్ మ్యాప్‌ని (నీడ నుంచి వెలుగు దాకా ఒక్కో మెట్టుకి ఒక్కో రంగు ఇచ్చేది) ఫిల్టర్ లేయర్‌గా పెట్టుకోవచ్చు, నీడకి నీలం కలిసిన ఊదా, మధ్యలో మట్టి రంగు, వెలుగుకి పసుపు ఇస్తే బొమ్మ మొత్తానికి ఒక మొదటి పూత వచ్చేస్తుంది. ఆ పైన చేత్తో వేసుకుంటూ పోవడమే. ఏనుగు చెవి పల్చన, వెనక నుంచి ఎండ పడితే ఎర్రగా మెరుస్తుంది, లోపల రక్తనాళాలు కనిపిస్తాయి, ఆ ఒక్క ఎరుపు పెట్టగానే రాతి యాళికి ప్రాణం వచ్చింది. వెలుగునీడలు చెడుతున్నాయేమో చూసుకోవడానికి అన్నిటికంటే పైన నల్లటి లేయర్ వేసి దాని మోడ్‌ని కలర్ అని మార్చండి, బొమ్మ మొత్తం బూడిదగా కనిపిస్తుంది, చూసి ఆపేయండి.

బ్రష్‌ల మీద విడిగా ఒక రివ్యూ రాయొచ్చు. సాఫ్ట్‌వేర్‌తో పాటే వందకి పైగా వస్తాయి, పెన్సిల్, ఇంకు, ఎయిర్‌బ్రష్, తడి కుంచెలా రంగులు కలిపేవి. కానీ నా సలహా, నాలుగైదుకి మించి వాడకండి. ఎఫ్5 నొక్కితే బ్రష్ ఎడిటర్ తెరుచుకుంటుంది, అందులో ఉన్న దాన్నే మన అవసరానికి మార్చుకోవచ్చు. తొండం చర్మం కోసం డబ్ల్యూ మీటతో ర్యాప్ అరౌండ్ మోడ్ పెట్టుకుని, నాలుగు వైపులా అతుకు కనిపించకుండా కలిసిపోయే ముడతల నమూనా ఒకటి గీసి, దాన్నే బ్రష్‌కి టెక్స్‌చర్‌గా ఇచ్చాను. ఈ టెక్స్‌చర్ ఒళ్ళంతా పులమకూడదు. వెలుగు నీడలోకి తిరిగే అంచు దగ్గరే చర్మం గరుకుతనం బాగా తెలుస్తుంది, బాగా వెలుగున్న చోట, బాగా చీకటి ఉన్న చోట వదిలేస్తేనే కన్ను ముఖం దగ్గర ఆగుతుంది.

ఇక లోపాలు. మొదటిది మెమరీ. ఏ3 సైజు, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 3508 x 4961 పిక్సెళ్ళు. మామూలు 8 బిట్ రంగుల్లో నిండుగా ఉన్న ఒక్క లేయరే దాదాపు 70 ఎంబీ తింటుంది, 16 బిట్ పెడితే దానికి రెట్టింపు. 30 లేయర్లంటే 2 జీబీ దాటిపోతుంది, పైగా అన్‌డూ కోసం దాచుకునేది వేరే. ఖాళీగా ఉన్న భాగాలకి అంత పట్టదు కాబట్టి కొంత నయం. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఏ4 వరకు నిశ్చింతగా వేసుకోవచ్చు, ఏ3 అయితే 16 జీబీ ఉంటే మంచిది. పెద్ద బ్రష్‌తో తడి రంగులు కలిపేటప్పుడు, పెద్ద లేయర్ మీద లిక్విఫై చేసేటప్పుడు గీత చేతి వెనక వస్తుంది. ట్రాన్స్‌ఫామ్ మాస్క్‌ని అంతలా పొగిడాను గానీ, అది ఆన్‌లో ఉండగా కింద లేయర్ మీద గీస్తే ప్రతి గీతకీ మళ్ళీ లెక్క వేసుకుంటుంది, నెమ్మదిస్తుంది. రఫ్ దశలో చిన్న కాన్వాస్ మీదే అన్నీ తేల్చుకుని, మార్పులు ఖాయమయ్యాక సైజు పెంచి, మాస్క్‌లని లేయర్‌లో కలిపేసి అప్పుడు రెండరింగ్, అంటే వెలుగునీడలు, రంగులు దిద్దడం మొదలుపెట్టండి.

రెండోది, ఫోటోషాప్ వాడే పీఎస్‌డీ ఫైళ్ళు తెరుస్తుంది, సేవ్ చేస్తుంది, కానీ క్రిటాకే ప్రత్యేకమైనవి అటు వెళ్ళాక అలాగే ఉంటాయని నమ్మకండి. క్లయింటు పీఎస్‌డీ అడిగితే కాపీ తీసి, లేయర్లు సరళం చేసి పంపండి, అసలుది క్రిటా సొంత ఫార్మాట్‌లోనే ఉంచుకోండి. మూడోది అక్షరాలు. పోస్టర్ మీద పేర్లు రాయాలంటే, ముఖ్యంగా తెలుగులో, బొమ్మ ఇక్కడ పూర్తి చేసి అక్షరాలు వేరే చోట పెట్టుకోవడమే మంచిది.

ఐప్యాడ్ ఉన్నవాళ్ళకి ఇది దొరకదు, వాళ్ళకి ప్రోక్రియేట్ ఉంది, ఒక్కసారి కొంటే చాలు, అదీ మంచిదే, కాకపోతే కాన్వాస్ పెద్దదయ్యే కొద్దీ లేయర్ల సంఖ్యకి పరిమితి పడుతుంది. ఆండ్రాయిడ్‌లో క్రిటా ఉంది, పెద్ద ట్యాబ్ మీద అయితే ప్రయత్నించొచ్చు, ఫోన్ మీద వద్దు, బటన్లన్నీ కంప్యూటర్ కోసం పెట్టినవి. కొత్తగా మొదలుపెట్టే పిల్లలకి, వాళ్ళ అమ్మానాన్నలకి ఒక మాట: తెర ఉన్న ఖరీదైన పెన్ డిస్‌ప్లే మొదట్లోనే కొనక్కర్లేదు, తెర లేని మామూలు పెన్ టాబ్లెట్ చాలు. విండోస్‌లో పెన్ ఒత్తిడి పట్టకపోతే టెన్షన్ పడకుండా సెట్టింగ్స్‌లో టాబ్లెట్ విభాగంలోకి వెళ్ళి విన్‌టాబ్, విండోస్ ఇంక్ (పెన్ను కదలికని సాఫ్ట్‌వేర్‌కి చేరవేసే రెండు దారులు) రెండిట్లో ఒకటి మార్చి చూడండి, చాలాసార్లు దాంతోనే సరిపోతుంది.

ప్రింటు వేయించేవాళ్ళు కంట్రోల్ వై నొక్కి సాఫ్ట్ ప్రూఫింగ్ (ప్రింటులో రంగులు ఎలా వస్తాయో తెర మీదే చూపేది) పెట్టుకుని ఒకసారి చూడండి. తెర మీద మెరిసే నీలాలు, పచ్చి ఆకుపచ్చలు ఇంకులో రావు, ఆ సంగతి షాపులో కాగితం చేతికొచ్చాక తెలియడం కంటే ముందే తెలియడం నయం. పెయింటింగ్ మాత్రం తెర రంగుల పద్ధతి ఆర్‌జీబీలోనే చేయండి, ప్రింటు ఇంకుల పద్ధతి సీఎంవైకేలోకి మారిస్తే కొన్ని బ్లెండింగ్ మోడ్‌లు (లేయర్ల రంగులు కలిసే పద్ధతులు) వేరేగా ప్రవర్తిస్తాయి. అంతా అయ్యాక ఒక కాపీని సీఎంవైకేలోకి మార్చి టిఫ్ ఫైల్‌గా ఇవ్వొచ్చు.

అధికారిక వెబ్‌సైట్‌లో పూర్తిగా ఉచితం. స్టీమ్‌లో, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో డబ్బులకి అమ్ముతారు, ఆ డబ్బు దీన్ని తయారుచేసేవాళ్ళకే వెళ్తుంది. నేర్చుకునేటప్పుడు ఉచితంగా వాడండి, దీని మీద సంపాదన మొదలయ్యాక అక్కడ కొనండి, లేదా విరాళం ఇవ్వండి.