చేపల చెరువుకి సెలైనిటీ రిఫ్రాక్టోమీటర్ సరిపోతుందా?

రొయ్యల రైతుల చేతుల్లో ఎప్పుడూ కనిపించే 0-100 పీపీటీ (వెయ్యి పాళ్లలో ఎన్ని పాళ్లు ఉప్పో చెప్పే కొలత) స్కేలు రిఫ్రాక్టోమీటర్‌నే, అంటే నీటి ఉప్పదనం కొలిచే పరికరాన్నే, మా శీలావతి, బొచ్చె చెరువులకీ వాడుతున్నాను. గట్టి పరికరం, బ్యాటరీ అక్కర్లేదు, గాజు మీద రెండు చుక్కలు వేసి వెలుతురు వైపు తిప్పి చూస్తే చాలు. ముందు డిస్టిల్డ్ వాటర్‌తో సున్నా సరిచూసుకోవడం మాత్రం మానొద్దు.

ఇబ్బందల్లా స్కేలుతోనే. మంచినీటి చేప రక్తంలో ఉప్పదనం సుమారు 9 పీపీటీకి సమానం, చెరువులో అంతకంటే బాగా తక్కువ, కాబట్టి నీళ్లు మొప్పల గుండా ఒంట్లోకి వస్తూనే ఉంటాయి, చేప వాటిని పల్చటి మూత్రంగా పంపేస్తూ, కోల్పోయిన సోడియం, క్లోరైడ్‌లని మొప్పల్లోని ప్రత్యేక కణాలతో మళ్లీ నీటి నుంచే లాక్కుంటుంది. ఎండాకాలం నీళ్లు ఉప్పెక్కి ఆ 9 దాటితే అంతా తారుమారు, ఒంట్లో నీరే బయటికి పోతుంది! తిలాపియా అయితే నీళ్లు తాగడం పెంచి, మొప్పల కణాల తీరు మార్చుకుని ఉప్పుని బయటికి తోసేస్తుంది, అదీ ఉప్పు మెల్లగా పెరిగితేనే. శీలావతికి అంత శక్తి లేదు, ఆ స్థాయికి రాకముందే మేత తగ్గి, ఎదుగుదల మందగిస్తుంది.

అందుకే మాకు 0-5 మధ్య తేడాలే ముఖ్యం. ఈ రిఫ్రాక్టోమీటర్‌లో గీతకి గీతకి 1 పీపీటీ, అరా పావూ తేలదు. రొయ్యలకైతే ధైర్యంగా కొనండి. శీలావతి, బొచ్చె వేసేవాళ్లు నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పదనం చెప్పే కండక్టివిటీ మీటరే తీసుకోండి.