పీసీఆరా, ల్యాంపా: రొయ్యల వైరస్‌ను ఏ పరీక్షతో పట్టాలి?

తెల్లమచ్చల వైరస్ చెరువులో అంటుకుంటే వారం పది రోజుల్లో పంట మొత్తం పోవచ్చు. మందు లేదు. పిల్ల వదలకముందే దాన్ని పట్టుకోవాలి.

పీసీఆర్, ల్యాంప్ రెండూ నమూనాలోని వైరస్ జన్యు ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసి దాన్ని పట్టిచ్చే పరీక్షలే. పీసీఆర్‌కు నమూనాను మళ్లీ మళ్లీ 95 డిగ్రీల దాకా వేడిచేసి చల్లార్చే యంత్రం, శిక్షణ పొందిన మనిషి కావాలి. ల్యాంప్‌కు 60–65 డిగ్రీల దగ్గర నిలకడైన వేడి చాలు, సుమారు గంటలో ఫలితం. చెరువు గట్టున అనుమానం తీర్చుకోవడానికి ల్యాంప్‌కే నా ఓటు.

అసలు చిక్కు వైరస్ జన్యువుల్లో ఉంది. తెల్లమచ్చల వైరస్ డీఎన్ఏ సుమారు 3 లక్షల బేస్ జతలు (డీఎన్ఏ అక్షరాల జతలు). రకాలన్నిటిలో అది చాలావరకు ఒకటే, కానీ కొన్నిచోట్ల పెద్ద ముక్కలే ఎగిరిపోతాయి. మొదట చదివిన థాయ్‌లాండ్, తైవాన్ నమూనాల నిడివిలో 10 వేల జతలకు పైగా తేడా ఉంది. ఆ ఎగిరిపోయే చోట ప్రైమర్లు (వైరస్ జన్యువులో వెతికే చోటికి అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్కలు) పెడితే ఏ పరీక్షైనా గుడ్డిదే. రొయ్యలకే సోకే టౌరా లాంటి ఆర్ఎన్ఏ వైరస్‌లు ఇంకా త్వరగా మారతాయి.

ఇక్కడ పీసీఆర్‌ది పైచేయి. దాని ప్రైమర్లకు రెండుచోట్ల సరిపోలితే చాలు. ల్యాంప్‌కు సాధారణంగా ఆరుచోట్ల సరిపోలాలి. పైగా పీసీఆర్‌లో వచ్చిన ముక్కను సీక్వెన్సింగ్‌కు (జన్యు అక్షరాలు చదవడానికి) పంపి, వచ్చింది ఏ రకమో చూడొచ్చు. తల్లి రొయ్యల ఎంపికలో పీసీఆర్ తప్పనిసరి అనే అంటాను.

అయితే రొయ్యలకు సోకే మరో వైరస్ ఐహెచ్‌హెచ్‌ఎన్‌వి విషయంలో జాగ్రత్త. ఆ వైరస్ ముక్కలు కొన్ని టైగర్ రొయ్యల సొంత జన్యువులోనే కలిసిపోయి ఉన్నాయి. వాటిని వెతికే ప్రైమర్లు ఆరోగ్యమైన రొయ్యకూ పాజిటివ్ చూపిస్తాయి. అందుకే ల్యాబ్‌ను అడగండి: ఏ ప్రైమర్లు వాడుతున్నారు?