ఏసీ పనికి ఎవరిని పిలవాలి: కంపెనీ మనిషినా, యాప్ మనిషినా, మన వీధి మెకానిక్‌నా?

ఏప్రిల్ వచ్చిందంటే విజయవాడలో ఏసీ మెకానిక్ ఫోనెత్తడమే గొప్ప. బయట నలభై దాటి కాస్తుంటుంది, ఇంట్లో ముసలివాళ్లో చంటిపిల్లలో ఉంటారు, ఏసీ చూస్తే వట్టి గాలి తోలుతుంటుంది. ఆ ఉక్కలో ఎవరు ముందొస్తే వాళ్లకే పని అప్పగిస్తాం. ఎంత అడిగితే అంత ఇస్తాం. అతను ఏం చేశాడో చూడం.

మనకున్న దారులు మూడు. కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫిర్యాదు చేస్తే వచ్చే మనిషి ఒకరు. ఫోన్‌లో యాప్ తెరిచి బుక్ చేస్తే వచ్చే మనిషి ఇంకొకరు. రిఫ్రిజిరేషన్ షాపు పెట్టుకుని ఏళ్ల తరబడి మన వీధిలోనే ఉన్న మెకానిక్ మూడోవాడు. వీళ్లలో ఎవరు మేలని అడిగితే పనిని బట్టి నా జవాబు మారుతుంది. ఒక్క విషయంలో మాత్రం మారదు. లీకు వెతక్కుండా గ్యాస్ నింపుతానన్న మనిషికి, అతను ఎవరి తరఫున వచ్చినా, ఏసీ అప్పగించకూడదు.

అమెరికాలో, ముఖ్యంగా డాలస్ వైపు ఉన్న మనవాళ్లకు ఈ బాధ కొంత తక్కువ. ఏసీ గ్యాస్ ముట్టుకోవాలంటే అక్కడి పర్యావరణ సంస్థ ఇచ్చే 608 సర్టిఫికెట్ ఉండాలి. టెక్సాస్‌లోనైతే కాంట్రాక్టరుకు రాష్ట్ర లైసెన్సూ ఉండాలి, ఆ నంబరు సరైనదో కాదో ఎవరైనా చూసుకోవచ్చు. మన దగ్గర ఐటీఐలో ఈ ట్రేడ్ ఉంది, స్కిల్ ట్రైనింగ్ సర్టిఫికెట్లు ఉన్నాయి. కానీ ఇంటి ఏసీ విప్పే ప్రతివాడి దగ్గరా అవి ఉండాలన్న పట్టింపు లేదు. కాబట్టి పరీక్ష పెట్టే పని మన మీదే పడింది.

కొత్త ఏసీ బిగించేటప్పుడు

ఏసీ ఎన్నేళ్లు మన్నుతుందన్నది చాలావరకు బిగించిన రోజే తేలిపోతుంది. ఇండోర్ యూనిట్‌కూ ఔట్‌డోర్ యూనిట్‌కూ మధ్య రాగి పైపులు కలపాలి. పైపు చివర గరాటులా విప్పార్చి నట్టు బిగిస్తారు, దాన్నే ఫ్లేర్ అంటారు. పైపును హాక్సా బ్లేడుతో కోస్తే రాగి పొడి లోపల పడుతుంది, అంచు గరుకుగా మిగులుతుంది. పైపు కట్టర్‌తో కోసి, అంచు నునుపు చేసి, అప్పుడు ఫ్లేర్ చేయాలి. తర్వాత గ్యాస్ లీకని వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఈ నట్ల దగ్గరే ఉంటుంది.

ఆ తర్వాతిది వాక్యూమ్. పైపుల్లో మిగిలిన గాలినీ తేమనీ పంపు పెట్టి లాగెయ్యాలి. ఇరవై నిమిషాలో అరగంటో పంపు నడిపి, వాల్వు మూసి, గేజ్ ముల్లు నిలబడి ఉందో లేదో పది నిమిషాలు చూడాలి. ముల్లు వెనక్కి వస్తోందంటే ఎక్కడో లీకైనా ఉంది, తేమైనా మిగిలి ఉంది. ఆర్-32, ఆర్-410ఏ అనే గ్యాసులతో నడిచే ఏసీల కంప్రెసర్‌లో వాడే ఆయిల్ తేమను ఇట్టే పీల్చుకుంటుంది. అది మెల్లగా ఆమ్లంగా మారి కంప్రెసర్‌ను లోపలి నుంచి తింటుంది. వేసవిలో రోజుకు ఎన్నో ఇళ్లు తిరిగే మనిషికి ఈ అరగంట బరువుగా తోస్తుంది. అందుకే ఔట్‌డోర్‌లో ఉన్న గ్యాస్‌నే కొంచెం వదిలి, పైపులో గాలిని బయటికి తోసేసి, 'అయిపోయింది సార్' అంటారు. ఆ రోజు ఏసీ చల్లగానే ఉంటుంది. నష్టం మూడో ఏడో నాలుగో ఏడో కనబడుతుంది.

ఇక్కడ ముగ్గురిలో నా ఓటు కంపెనీ మనిషికే. అతను తప్పకుండా వాక్యూమ్ చేస్తాడని కాదు. చాలా ఊళ్లలో కంపెనీ పేరుతో వచ్చేది ఫ్రాంచైజీ వాళ్ల కుర్రాడే, అతనికీ తొందరే. కానీ ఫిట్టింగ్ చేసింది కంపెనీయే అని రాతపూర్వకంగా ఉంటే, మొదటి ఏడాది లీకైనప్పుడు 'బయటివాళ్లు బిగించారు, మాకు సంబంధం లేదు' అనే మాట రాదు. వాక్యూమ్ పంపు తెస్తున్నారా అని బుక్ చేసే రోజే అడగండి. వచ్చాక పంపు కనిపించకపోతే పని మొదలుపెట్టనివ్వకండి. మొహమాటపడాల్సిన చోటు కాదిది.

డబ్బు సంగతి కూడా ముందే మాట్లాడుకోవాలి. పెట్టెతో వచ్చే రాగి పైపు సాధారణంగా మూడు మీటర్లు. అంతకు మించితే మీటరుకు ఇంత అని అదనం. స్టాండు, డ్రెయిన్ పైపు, గోడకు కన్నం, కరెంటు వైరు అన్నీ విడివిడిగా లెక్క కడతారు. 'ఫ్రీ ఇన్‌స్టలేషన్' అని చెప్పి అమ్మిన ఏసీకి ఈ చిల్లర ఖర్చులే వేలల్లోకి పోతాయి. వీధి మెకానిక్ అయితే అన్నీ కలిపి ఒకే మాట చెబుతాడు, బేరమూ కుదురుతుంది. ఆ సుఖం కంపెనీ దగ్గర ఉండదు.

ఔట్‌డోర్ ఎక్కడ పెడుతున్నారో మీరే దగ్గరుండి చూసుకోండి. కొత్త అపార్ట్‌మెంట్లలో ఇరుకు షాఫ్టులో ఒకదాని మీద ఒకటి నాలుగైదు యూనిట్లు పెడుతున్నారు. కింది యూనిట్ వదిలిన వేడి గాలినే పై యూనిట్ మళ్లీ లాగుతుంది. ఎంత మంచి ఏసీ అయినా అక్కడ చల్లదనం తగ్గుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. మెకానిక్‌కు నిచ్చెన వేసుకోవడానికి ఎక్కడ వీలైతే అక్కడే పెట్టాలనిపించడం సహజం. అతను రెండు గంటల్లో వెళ్లిపోతాడు, పదేళ్లు బిల్లు కట్టేది మనం.

ఏడాదికోసారి సర్వీసింగ్

ఇది పెద్ద చర్చకు తావు లేని పని. ఫిల్టర్లు, కాయిల్ (గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట), బ్లోయర్, డ్రెయిన్ ట్రే నీళ్లతో కడగాలి, ఔట్‌డోర్ కాయిల్ కూడా కడగాలి. యాప్ ఈ పనికి బాగానే పనికొస్తుంది. రేటు ముందే తెలుస్తుంది, వచ్చే మనిషి పేరూ రేటింగూ కనబడతాయి, జెట్ పంపు తెస్తారు. చిక్కల్లా కడిగాక మొదలవుతుంది. 'గ్యాస్ తక్కువుంది సార్, కాయిల్ మారిస్తే మంచిది' అని వాళ్లలో కొందరు అదనపు పని అంటగట్టడానికి చూస్తారు. కడిగించుకోండి, డబ్బిచ్చేయండి, మిగతా సంగతి వేరే మనిషితో చూపించుకోండి.

వీధి మెకానిక్ ఈ పని ఇంకా తక్కువకు చేస్తాడు. ఐదారు వందల దగ్గర తెగుతుంది. అతన్ని మొదటిసారి పరీక్షించి చూడటానికి కూడా ఇదే మంచి సందర్భం. పీసీబీ (ఏసీని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు) మీద కవరు కప్పి కడుగుతున్నాడా, కాయిల్ రెక్కలు వంగకుండా చూస్తున్నాడా, ఔట్‌డోర్ వైపు కూడా వెళ్లాడా, అన్నీ కంటికి కనబడే విషయాలే. చిన్న పనిలో చేయి శుభ్రంగా ఉన్నవాడినే పెద్ద పనికి పిలవండి.

గ్యాస్ మాట వచ్చినప్పుడు

మన డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. స్కూటర్‌లో పెట్రోలులా ఏసీలో గ్యాస్ ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న రాగి గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. పదేళ్లయినా తగ్గకూడదు. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడినట్టే. ఆ చిల్లు పూడ్చకుండా నింపితే ఆ వేసవి గట్టెక్కుతుంది, వచ్చే వేసవికి మళ్లీ మూడు వేలకు అటూ ఇటూ చేతి చమురు వదులుతుంది. ఏటా ఇలాగే నింపించుకుంటూ, ఏసీ అంటే ఇంతే కాబోలు అనుకునే ఇళ్లు నాకు తెలుసు. వాళ్ల అమాయకత్వం చూస్తే బాధేస్తుంది, నింపి వెళ్లేవాళ్ల మీద కోపమొస్తుంది.

'గ్యాస్ అయిపోయింది సార్' అన్న మనిషిని 'లీకు ఎక్కడుంది బాబూ?' అని అడగండి. నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురుగు పూసి బుడగలు చూపిస్తానన్నవాడు పని తెలిసినవాడు. 'అదంతా అక్కర్లేదు, టాపప్ చేస్తే చాలు' అన్నవాడిని పంపించెయ్యండి. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ సిలిండర్ తెచ్చాడంటే అతన్ని గుమ్మం బయటే ఆపాలి. కంప్రెసర్ ఆయిల్‌కు ఒత్తిడితో ఆక్సిజన్ తగిలితే పేలుతుంది. ప్రాణాలు పోయే పని అది.

గేజ్ చూపించి 'ప్రెషర్ తక్కువుంది' అంటే వెంటనే నమ్మకండి. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం గది వేడిని బట్టి మారుతూ ఉంటుంది, ప్రెషరూ దానితోపాటే మారుతుంది. కంప్రెసర్ ఒకే వేగంతో నడిచే టెస్ట్ మోడ్‌లో పెట్టకుండా చూసిన రీడింగ్‌కు విలువ తక్కువ. ఫిల్టర్ మూసుకుపోయినా చల్లదనం తగ్గుతుంది, ప్రెషరూ పడిపోతుంది.

ఔట్‌డోర్ మీద అతికించిన ప్లేటు చదవండి. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది దాని మీదే ఉంటుంది. లీకు పూడ్చి, వాక్యూమ్ చేసి, తూకం మీద సిలిండర్ పెట్టి అన్ని గ్రాములూ ఎక్కించాలి. చేత్తో పైపు తడిమి 'చాలు' అనేవాళ్లే ఎక్కువ. పాత ఏసీల్లో ఆర్-22 ఉంటుంది. దానితో కొత్త ఏసీల తయారీ మన దేశంలో 2025 జనవరి నుంచి ఆపేశారు. ఆర్-410ఏ రెండు గ్యాసుల మిశ్రమం, ద్రవంగానే ఎక్కించాలి. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్-32కు కొద్దిగా మండే గుణం ఉంది. కొన్ని మోడళ్లలో ఉండే ఆర్-290 అంటే ప్రొపేనే, వంటింటి సిలిండర్ గ్యాస్‌కు దగ్గరి చుట్టం. దాని మీద శిక్షణ లేనివాడు పైపుకు బ్లోల్యాంపు పెట్టకూడదు. మెకానిక్‌కు గ్యాస్ పేరే తెలియకపోతే ఇంకేం మాట్లాడనక్కర్లేదు.

గాలిలోకి వదిలేసే గ్యాస్ గురించి కూడా ఒక మాట. కిలో ఆర్-410ఏ సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. ఆర్-32 దానిలో మూడో వంతు. ఇన్నిన్ని వేడి రోజులు చూస్తూ, చిల్లు పూడ్చకుండా ఏటా నింపించడం నాకు సహించదు.

ఈ పనికి వారంటీ ఉన్నంతకాలం కంపెనీనే పిలవాలి. వారంటీ ఉండగా బయటి మనిషి విప్పితే అది పోయే ప్రమాదం ఉంది. చాలా కంపెనీలు కంప్రెసర్‌కు పదేళ్లు ఇస్తాయి కానీ గ్యాస్‌కూ కాయిల్‌కూ ఏడాదితో సరిపెడతాయి, కార్డు చదివి చూడండి. వారంటీ దాటాక మాత్రం నేను సొంత షాపున్న పాత మెకానిక్ వైపే మొగ్గుతాను. కంపెనీ వాళ్లు లీకు కాయిల్‌లో ఉందంటే కాయిల్ మొత్తం మార్చాలంటారు, ఆ ఖర్చుకు ఇంకొంచెం వేస్తే కొత్త ఏసీయే వస్తుందన్నట్టు ఉంటుంది. పాత మెకానిక్ రాగి కాయిల్ విప్పి షాపుకు తీసుకెళ్లి, నీళ్లలో ముంచి బుడగ ఎక్కడొస్తుందో చూసి, బ్రేజింగ్ చేసి, అంటే లోహం కరిగించి అతుకు వేసి తెస్తాడు. రేపు మళ్లీ లీకైతే అతని షాపు ఎక్కడుందో మనకు తెలుసు. యాప్‌లో ఒకసారి వచ్చినవాడే రెండోసారి వస్తాడన్న నమ్మకం లేదు, కొత్త మనిషి వస్తే అతనికి పాత కథంతా మొదటి నుంచి చెప్పుకోవాలి. గ్యాస్ పనికి యాప్‌ను నేను చివర పెడతాను.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఈ లెక్క కొంచెం మారుతుంది. ఉప్పు గాలికి కాయిల్ రెక్కలు పొడిపొడిగా రాలిపోతాయి. అలా తినేసిన కాయిల్‌కు ఒకచోట అతుకు వేస్తే ఇంకోచోట చిల్లు పడుతుంది. అక్కడ నిజాయితీ గల మెకానిక్ 'అతుకు వేయను, కాయిల్ మార్చండి' అంటాడు. ఆ మాట విని అతను డబ్బు గుంజుతున్నాడనుకోకండి.

పీసీబీ, ఏఎంసీ

ఇన్వర్టర్ ఏసీలో పీసీబీ పోతే కంపెనీ కొత్త బోర్డు వేస్తుంది, ఖరీదు గట్టిగానే ఉంటుంది. బోర్డులు బాగుచేసే షాపులు హైదరాబాద్, విజయవాడల్లో చాలానే ఉన్నాయి, తక్కువలో తెములుతుంది. వారంటీ దాటిన ఏసీకి మొదట అక్కడ ప్రయత్నించడం తప్పు కాదు. పాత బోర్డు మాత్రం మీ చేతికి తిరిగి ఇవ్వమనండి. మార్చిన ఏ పార్టునైనా అడిగి తీసుకోవాలి.

ఏఎంసీ అంటే ఏటా కట్టే సర్వీసు ఒప్పందం. అందులో గ్యాసూ పార్టులూ కలిసి ఉంటేనే నాకు ఇష్టం. ఉత్త కడగడానికే అయితే విడిగా పిలిపించుకోవడమే చవక.

ఫోన్ చేసే ముందు

కంపెనీ కస్టమర్ కేర్ నంబరును వారంటీ కార్డు మీదో, కంపెనీ సొంత వెబ్‌సైటులోనో చూసి తీసుకోండి. ఇంటర్నెట్‌లో వెతికితే మొదట కనబడేవాటిలో దొంగ నంబర్లు ఉంటాయి. పది రూపాయల రిజిస్ట్రేషన్ అని లింకు పంపినా, ఏదో యాప్ వేసుకోమన్నా ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. పని సరిగా చేయకుండా తప్పించుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. కానీ అక్కడ మాట నిలవాలంటే బిల్లు కావాలి. బిల్లు మీద ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు, లీకు ఎక్కడ పూడ్చారు, ఎన్నాళ్ల గ్యారంటీ అని రాయించండి. వీధి మెకానిక్ దగ్గరైనా లెటర్‌హెడ్ కాగితం మీద తేదీ వేసి సంతకం పెట్టించుకోండి. రాయడానికి వెనకాడేవాడితో పని పెట్టుకోకండి.

ఇదంతా ఫిబ్రవరిలో చేస్తే నిమ్మళంగా అవుతుంది. అప్పుడు మెకానిక్‌కు తీరిక ఉంటుంది, వాక్యూమ్ పంపు అరగంట నడపడానికి అతనికీ అభ్యంతరం ఉండదు. లీకు కనబడితే కాయిల్ షాపులో రెండు రోజులు ఉన్నా ఇంట్లో ఎవరూ ఉక్కపోతకు అల్లాడరు.